హాలోవీన్ 2 (1981): ఆ "చెల్లెలు" ముక్క సిరీస్‌ని నిలబెట్టిందా, ముంచిందా?

టేపురికార్డర్:
మొన్న శనివారం ఇంట్లో అందరూ పడుకున్నాక రెండూ వరసపెట్టి చూశా. 1978 హాలోవీన్ అయిపోగానే లేవకుండా 1981 హాలోవీన్ 2 పెట్టేశా. అలా చూడాల్సినవే అవి, ఎందుకంటే రెండోది మొదటి దాని ఆఖరి నిమిషంలోనే మొదలవుద్ది, అదే రాత్రి, అదే హాడన్‌ఫీల్డ్ ఊరు, వాడి మానసిక వైద్యుడు డాక్టర్ లూమిస్ ఆరు గుండ్లు దించితే బాల్కనీ మీంచి కింద పడ్డ మాస్క్ హంతకుడు మైకేల్ మైయర్స్ లేచి మాయమైపోతాడు, వాడి నుంచి బతికి బయటపడ్డ లోరీ అనే అమ్మాయిని అంబులెన్స్‌లో ఆస్పత్రికి తీసుకెళ్తారు, వాడు నడుచుకుంటూ వెనకాలే వస్తాడు. కథ అంతే.

దీని గురించి ఎక్కడ మాట వచ్చినా మొదటి దాని ముందు దిగదుడుపు అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు. నాకది బాధగా ఉంటది. మొదటి సినిమా గొప్పదే, కాదనను, మూడు లక్షల డాలర్ల పైచిలుకుతో డైరెక్టర్ జాన్ కార్పెంటర్, నిర్మాత డెబ్రా హిల్ చేసిన పని అది. కానీ అది ఒక్క సినిమా. దాన్ని సిరీస్ చేసింది మాత్రం రెండోదే. లోరీ మైకేల్‌కి సొంత చెల్లెలు అని చెప్పింది ఇందులోనే. నలభై ఏళ్లపాటు తర్వాత మైకేల్‌తో వచ్చిన ప్రతి పార్టూ ఆ మాటను పట్టుకునైనా నడిచింది, లేదా ఆ మాట నుంచి పారిపోవడానికైనా నడిచింది. మధ్యలో ఉన్నోళ్లు ఎవరూ లేరు.

మీరేమంటారో చెప్పండి, నిజంగా వినాలని ఉంది.

మూడో_ఆట:
అన్నా, నీ మీద గౌరవంతోనే చెబుతున్నా, నేను ఒప్పుకోను. మొదటి సినిమాలో లోరీ ఏం చేసింది? వాళ్ల నాన్న ఇళ్లు అమ్మే పని చేస్తాడు, ఆ పాడుబడ్డ మైయర్స్ ఇంటి గుమ్మం దగ్గర తాళంచెవి పెట్టి రమ్మంటాడు, పొద్దున స్కూలుకెళ్తా ఆ పిల్ల పెట్టేసి వెళ్లిపోద్ది. లోపల వాడున్నాడు. తలుపు వెనకనుంచి చూశాడు. ఆ క్షణం నుంచీ వెంటపడ్డాడు. అంతకుమించి కారణం లేదు. నన్ను ఇప్పటికీ భయపెట్టేది అదే, ఆ పిల్ల ప్లేసులో ఎవరున్నా అదే జరిగేది. మన వీధిలో పొద్దున్నే ఎవరింటికో ఒక సామాను ఇచ్చి రావడానికి వెళ్లిన పిల్ల ఎవరైనా సరే.

రెండోదొచ్చి కాదు కాదు అది వాడి చెల్లెలు, అందుకే వచ్చాడు అనేసరికి ఆ తాళంచెవి సీను విలువే పోయింది. టైటిల్స్‌లో మాస్క్ వేసుకున్న వాడి పేరు మైకేల్ అని వేయలేదు, "ది షేప్" అని వేశారు, అంటే ఒక ఆకారం, మనిషి కూడా కాదు. ఆకారానికి చుట్టరికం ఏంటి? కార్పెంటరే చాలా ఇంటర్వ్యూల్లో చెప్పాడు, ఆ స్క్రిప్టు రాయడానికి కూర్చుంటే కథ తోచక రోజూ రాత్రి బీరు తాగుతూ రాశానని, చెల్లెలు అన్న ఐడియా అలా పుట్టిందని. కన్నతండ్రే కాదనుకున్న బిడ్డని మనం భుజాన వేసుకోవడం దేనికి?

వీసీడీ_వరంగల్:
నాది ఉల్టా కథ అన్నా. హన్మకొండల ఉండంగ కిరాయికి సీడీలిచ్చే దుకాణముండె, ఆయన దగ్గర వరుస ప్రకారం ఏదీ ఉండకపోయేది, ఏది దొరికితే అది తెచ్చుకొని జూసుడే. నేను ముందుగాల జూసింది నాలుగో పార్టు, 1988ది. అండ్ల జేమీ అని చిన్న పిల్ల ఉంటది, లోరీ బిడ్డ, తల్లి యాక్సిడెంటుల చచ్చిపోయిందని చెప్తరు, మైకేల్ మళ్ల లేసి ఆ పిల్ల కోసం వస్తడు. బడిల పిల్లలందరు మీ అంకుల్ బూచోడు అని ఆమెను ఏడిపిస్తరు.

నేను ఆగింది గా అంకుల్ అన్న మాట కాడ్నే. ఇంగ్లీషుల అంకుల్ అంటే ఎవరైనా కావచ్చు, మనకు గట్ల కాదు కదా. వాడు తల్లికి అన్న, అంటే ఆ పిల్లకు సొంత మేనమామ. మనింట్ల ఆడపిల్ల పుడితే మేనమామది ఎంత పెద్ద చెయ్యి ఉంటది, చెవులు కుట్టిచ్చేటప్పుడు ఒళ్లె కూసోబెట్టుకునేది ఆయనే, పెండ్లినాడు గంపల తెచ్చేది ఆయనే. ఆ మేనమామ కత్తి పట్టుకొని వస్తున్నడంటే నాకు ఒళ్లు జలదరించింది, అమెరికోళ్లకు అంత అనిపిచ్చిందో లేదో. ఐదో పార్టుల (1989) ఆ పిల్ల అంకుల్ అని పిలిస్తే మాస్క్ తీస్తడు, కన్నీరు కూడ కారుతది. ఆ సినిమా ఎట్లున్నా ఆ ఒక్క సీను నేను మర్చిపోలే.

గిదంతా ఎక్కడ్నుంచి వచ్చింది? రెండో పార్టుల ఆ చెల్లె ముచ్చట చెప్పకపోతే నాలుగు లేదు ఐదు లేదు. గందుకే నేను టేపురికార్డర్ అన్న దిక్కు.

నైట్‌డ్యూటీ:
అందరూ చెల్లెలు దగ్గరే ఉన్నారు, నేను ఆస్పత్రి గురించి చెప్తా. పన్నెండేళ్లుగా నర్సుగా చేస్తున్నాను, అందులో సగం నైట్ డ్యూటీలే.

ఈ సినిమాని తిట్టేవాళ్లు మొదట అనే మాట, ఆస్పత్రిలో పేషెంట్లే లేరేంటి, లైట్లన్నీ ఆపేశారేంటి, అంత పెద్ద బిల్డింగులో నలుగురు స్టాఫా అని. కరెక్టే, అంత చీకటిగా ఏ వార్డూ ఉండదు. కానీ రాత్రి రెండున్నర, మూడు మధ్య కారిడార్‌లో ఒక్కదాన్నే నడిచినప్పుడు ఎలా ఉంటదో అది మాత్రం అచ్చంగా పట్టుకున్నారు. ట్యూబులైట్ చప్పుడు వినపడుతుంది. మన చెప్పుల చప్పుడు మనకే వెనకనుంచి వస్తున్నట్టు ఉంటుంది. నేను మొదట్లో పనిచేసిన చోట రాత్రిపూట పై అంతస్తు మొత్తానికీ ఇద్దరమే ఉండేవాళ్లం, ఒకామె కిందకి మందులకి వెళ్తే ఇంకొకరు ఒక్కరే, ఎవరికి చెప్పినా సర్దుకోమ్మా అనేవారు. సినిమాలో నర్సుని ఒక్కదాన్నే వెతకడానికి పంపుతారే, అది చూసి సినిమావాళ్లు తెలివితక్కువగా రాశారని నేను అనుకోలేదు, మమ్మల్నీ అలాగే పంపేవారు.

ఇంకోటి. మిసెస్ ఆల్వెస్ అని హెడ్ నర్సు ఉంటుంది. ఆమెని చంపే సీను చూపించరు. అంబులెన్స్‌లో పనిచేసే జిమ్మీ వెతుక్కుంటూ వెళ్లి ఆపరేషన్ టేబుల్ మీద ఆమెను చూస్తాడు, చేతికి గుచ్చిన ట్యూబులోంచి రక్తమంతా నేల మీదకి కారిపోయి ఉంటుంది, భయంతో వెనక్కి తిరిగితే ఆ రక్తంలోనే జారి పడిపోతాడు. మనం రోజూ ఒక మనిషిని బతికించడానికి గుచ్చే ట్యూబు అది. ఎక్కించాల్సింది దించేశాడు. కంట్లో సిరంజి సీను కన్నా నాకు ఇదే ఎక్కువ భయం, ఆ తర్వాత రెండ్రోజులు సెలైన్ పెట్టేటప్పుడు చేయి ఆగింది, నిజంగా చెప్తున్నా.

వేడినీళ్ల తొట్టి సీను మాత్రం నాకు నచ్చదు. ముఖం కాలిపోయేంత వేడెక్కుతున్న నీళ్లలో కూర్చున్నవాళ్లకి ముందే తెలియకుండా ఉండదు.

మూడో_ఆట:
నైట్‌డ్యూటీ అక్కా, నువ్వు చెప్పింది చదివాక ఆస్పత్రి విషయంలో ఒప్పుకుంటున్నా, ఆ ట్యూబు సంగతి నేనెప్పుడూ అలా ఆలోచించలేదు. చెల్లెలు విషయంలో మాత్రం తగ్గను.

పాసడీనా_గోంగూర:
నేను ఉండేది కాలిఫోర్నియాలోని సౌత్ పాసడీనాకి పది నిమిషాల దూరంలో, అందుకని ఒకటి రెండు విషయాలు. కథలో హాడన్‌ఫీల్డ్ ఇల్లినాయ్ రాష్ట్రంలో ఉన్నట్టు చెప్తారు గానీ మొదటి సినిమా తీసింది ఇక్కడే. మైయర్స్ ఇల్లు ఇంకా ఉంది, 1987లో పాత చోటు నుంచి ఇల్లు ఇల్లుగానే జరిపి రైలు పట్టాల పక్కకి తెచ్చారు, ఇప్పుడు చక్కగా రంగేసి ఉంటుంది. మా అమ్మ ఇండియా నుంచి వచ్చినప్పుడు తీసుకెళ్లి చూపిస్తే, ఇంత ముచ్చటైన ఇల్లు పట్టుకుని దెయ్యాల కొంప అంటావేంటిరా అంది. అక్టోబర్ చివర్లో వెళ్తే ముందు ఫోటోలు దిగేవాళ్లు వరసలో ఉంటారు.

ఇక మాస్క్. రెండో పార్టులో మైకేల్ మొహం తేడాగా ఉందని అందరూ అంటారు, కొత్త మాస్క్ అనుకుంటారు. కాదు, అదే మాస్క్. స్టార్ ట్రెక్ అనే టీవీ సీరియల్‌లోని కెప్టెన్ కర్క్ మాస్క్‌ని రెండు డాలర్ల లోపు పెట్టి కొని, కనుబొమలు పీకేసి, తెల్ల రంగు కొట్టి, కళ్ల కన్నాలు పెద్దవి చేసి మొదటి సినిమాకి వాడారు. మూడేళ్లు డెబ్రా హిల్ మంచం కింద పెట్టి ఉంచింది, ఆవిడ సిగరెట్లు ఎక్కువ కాల్చేది, ఆ పొగకి పసుపెక్కిపోయింది. పైగా మొదటి దాంట్లో వేసిన నిక్ కాజిల్‌ది సన్నటి మొహం, రెండో దాంట్లో డిక్ వార్‌లాక్ అని స్టంట్ మనిషి, తల వెడల్పు. అందుకే సాగినట్టు ఉంటుంది. నాకైతే ఆ తేడా బాగుంటుంది, అదే రాత్రి ఆరు గుండ్లు తిన్నవాడి మొహం ఇంకెలా ఉంటుంది. లోరీ జుట్టు కూడా విగ్గే, ఆ పాత్ర వేసిన జేమీ లీ కర్టిస్ అప్పటికి జుట్టు కత్తిరించేసుకుంది.

మూడో_ఆట గారూ, మీ వాదనకి పనికొచ్చేది ఒకటి ఇస్తా. మొదటి సినిమాని టీవీలో వేయడానికి నిడివి చాలకపోతే, కార్పెంటర్ రెండో పార్టు షూటింగ్ జరుగుతున్న రోజుల్లోనే కొన్ని సీన్లు కొత్తగా తీసి అందులో కలిపాడు. అందులో ఒకటి, మైకేల్ మానసిక ఆస్పత్రి నుంచి పారిపోయాక అక్కడ అతని గది తలుపు మీద "సిస్టర్" అని గీకి ఉండటం లూమిస్ చూస్తాడు. అంటే చెల్లెలు విషయం మొదటి దాంట్లో లేదు, వెనక్కెళ్లి అతికించారు.

టేపురికార్డర్:
అతికించారు, నిజమే. కానీ అతుకు నిలబడిందా లేదా అన్నదే నా ప్రశ్న.

మూడో_ఆట, నువ్వు తాళంచెవి సీను అన్నావు, అది నాకూ ప్రాణమే. అయితే ఒకటి చూడు. మైకేల్ 1963లో ఆరేళ్ల పిల్లోడుగా మొట్టమొదట చంపింది ఎవర్ని? సొంత అక్క జూడిత్‌ని. పదిహేనేళ్ల తర్వాత తప్పించుకుని నేరుగా వచ్చింది ఎక్కడికి? సొంత ఇంటికి. సమాధుల దగ్గరికెళ్లి పీక్కొచ్చింది ఎవరి రాయి? అక్క రాయి. ఇల్లు, అక్క, అక్క సమాధిరాయి, ఇవన్నీ మొదటి సినిమాలోనే ఉన్నాయి. కాబట్టి రెండోదొచ్చి లోరీని చెల్లెలు అంటే నాకది గాల్లోంచి ఊడిపడ్డట్టు అనిపించలా. అక్కతో మొదలుపెట్టినోడు చెల్లెలితో ముగించడానికి వచ్చాడు. బీరు తాగి రాసినా చెయ్యికి తెలిసినట్టుంది ఎటు పోవాలో.

ఇక 1998 హాలోవీన్ హెచ్20 చూడు. నాలుగు, ఐదు, ఆరు లేవనుకుని నేరుగా రెండో దానికి కొనసాగింపుగా తీశారు. లోరీ చచ్చిపోయినట్టు నమ్మించి పేరు మార్చుకుని కాలిఫోర్నియాలో ఒక స్కూలుకి హెడ్ అయి, టీనేజ్ కొడుకుని పెట్టుకుని, రాత్రిళ్లు నిద్రపట్టక బతుకుద్ది. చివర్లో మైకేల్ వ్యానుకీ చెట్టుకీ మధ్య ఇరుక్కుపోతాడు, చెయ్యి చాపుతాడు. లోరీ కూడా చెయ్యి చాపుద్ది. వేళ్లు తగలబోయేదాకా వస్తాయి. ఒక్క క్షణం ఆమె మొహంలో ఈడు నా అన్న అన్నది కనపడుద్ది, తర్వాత గొడ్డలెత్తి ఒక్క వేటు. ఈ సీను ఒక అపరిచితుడితో తీసి చూడు, ఏమీ ఉండదు. అమెరికాలోనే 5 కోట్ల 50 లక్షల డాలర్లు వచ్చినయ్యి ఆ సినిమాకి. ఆ చెయ్యి చాపడానికి కావాల్సిన పెట్టుబడి అంతా 1981లోనే పెట్టారు.

మూడో_ఆట:
సమాధిరాయి పాయింట్ బలంగా ఉంది అన్నా, దానికి నా దగ్గర సమాధానం లేదు. అయినా 2018 చూడు. డేవిడ్ గార్డన్ గ్రీన్ అనే డైరెక్టర్ వచ్చి మొదటిది తప్ప అన్నీ పక్కన పెట్టేశాడు. అందులో లోరీ మనవరాలు ఎలిసన్‌ని ఫ్రెండ్ అడుగుతాడు, వాడు మీ అమ్మమ్మకి అన్న కదా అని, కాదు అది జనం కల్పించుకున్న మాట అంటుంది. ఆ ఒక్క డైలాగుకి నేను లేచి నిలబడ్డా. ప్రపంచమంతా కలిపి పాతిక కోట్ల డాలర్లు దాటింది ఆ సినిమా. చుట్టరికం లేకపోయినా జనం భయపడ్డారు. మైకేల్‌కి లోరీ ఎవరో కూడా గుర్తులేదు, ఆమె మాత్రం నలభై ఏళ్లు వాడికోసం తుపాకులు పట్టుకుని ఎదురుచూసింది. నాకు ఆ అన్యాయం చెల్లెలి కథ కంటే ఎక్కువ నొప్పి పెట్టింది.

వీసీడీ_వరంగల్:
తమ్మీ, నువ్వు అన్నది మంచిగుంది, కని ఆ 2018 తర్వాత 2021ల వచ్చిన హాలోవీన్ కిల్స్ జూసినవా? అదే రాత్రి కొనసాగుతది, లోరీ గాయాలతోని హాడన్‌ఫీల్డ్ మెమోరియల్ ఆస్పత్రిల పడుకొని ఉంటది సినిమా మొత్తం. గది ఎవరి కథ? రెండో పార్టుదే కదా. లేదు అని చెప్పినోళ్లే మళ్ల ఆ మంచం మీదికే తెచ్చిండ్రు.

ఇంకోటి ఎవ్వరు మాట్లాడుతలేరు, బెన్ ట్రామర్. మొదటి సినిమాల లోరీ మనసుపడ్డ పోరడు, పేరు మాత్రమే ఇనిపిస్తది, మనిషి కనవడడు. రెండో దాంట్ల గసొంటి మాస్కే పెట్టుకొని రోడ్డు మీద నడుస్తుంటె లూమిస్ మైకేలే అనుకొని తుపాకీ తీస్తడు, ఇంతల పోలీసు బండి వచ్చి ఆ పోరన్ని గుద్దుతది, మంటల్ల కాలిపోతడు. ఎవరు చచ్చిండ్రో చానాసేపు ఎవ్వలికి తెల్వదు. ఏ పాపం తెల్వని పిలగాడు, ఊరి భయానికి బలైండు. కిల్స్‌ల ఆస్పత్రి కాడ జనమంతా ఉరికి ఒక వేరే పేషెంటును మైకేల్ అనుకొని తరిమితే ఆయన కిటికీల నుంచి దునికి చస్తడు. అచ్చం గదే. నలభై ఏండ్ల కింద రెండు నిమిషాల్ల చెప్పినదాన్ని ఇక్కడ ఒక పెద్ద సీను చేసిండ్రు. ఈ కథనే మళ్ల కొత్తగ తీసిన డైరెక్టర్ రాబ్ జాంబీ కూడ 2009ల తన రెండో పార్టును ఆస్పత్రిలనే మొదలువెట్టిండు. మరి గీ సినిమాకు సిరీస్‌ల చోటు లేదంటె ఎట్ల?

కర్నూల్_కార్నర్:
చానా రోజులుగా చదువుతాండా, మొదటిసారి రాస్తాండా. నేను ఈ సినిమాలు ఏవీ చూడలేదు. ఏ వరసలో చూడాల? మూడో పార్టు వదిలేయమని ఎవరో చెప్పినారు, నిజమేనా?

పాసడీనా_గోంగూర:
స్వాగతం అండీ. ముందు 1978ది, ఆ రాత్రే 1981ది, తర్వాత హెచ్20. ఒక కథ పూర్తిగా చూసినట్టు ఉంటుంది. కొన్నాళ్లు ఆగి 1978 మళ్లీ చూసి నేరుగా 2018కి వెళ్లండి, అది వేరే దారి. 2002లో వచ్చిన రెజరెక్షన్ మాత్రం చివరికి పెట్టుకోండి, హెచ్20 ముగింపుని అందులో చెడగొట్టారు. దాన్ని తీసింది రెండో పార్టు తీసిన రిక్ రోజెంతాలే, అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మూడోది (1982) వదిలేయకండి. అందులో మైకేల్ లేడు, పిల్లల మాస్కులు అమ్మే ఒక కంపెనీ కథ. రెండో దాంట్లో మైకేల్‌ని తగలబెట్టేశాం కదా, ఇక నుంచి ప్రతి ఏడాదీ హాలోవీన్ రోజున జరిగే ఒక కొత్త కథ చెబుదామని వాళ్ల ఆలోచన. జనం ఒప్పుకోలేదు, మైకేల్ ఏడీ అన్నారు. అందుకే ఆరేళ్ల తర్వాత నాలుగో దానికి పేరులోనే "మైకేల్ మైయర్స్ తిరిగొచ్చాడు" అని పెట్టుకోవాల్సి వచ్చింది.

మూడో_ఆట:
రక్తం గురించి కూడా చెప్పాలి. మొదటి సినిమాలో తెర మీద రక్తం చాలా తక్కువ. మధ్యలో 1980లో ఫ్రైడే ది 13త్ అని ఇలాంటి హత్యల సినిమానే ఒకటి వచ్చి ఆడేసింది, 1981లో దాని రెండో పార్టు కూడా హాలోవీన్ 2 కంటే ముందే వచ్చేసింది. రోజెంతాల్‌కి హాలోవీన్ 2యే మొదటి సినిమా, 1978 దాని లాగే నిదానంగా, చూపించకుండా తీశాడు, కార్పెంటర్ చూసి చప్పగా ఉందని కొన్ని హత్యలు తనే తీసి కలిపాడు. మీరు జాగ్రత్తగా చూస్తే అందులో రెండు సినిమాలు కనపడతాయి. మొదట్లో ముసలావిడ వంటింట్లో శాండ్‌విచ్ చేస్తుంటుంది, భర్త హాల్లో టీవీ ముందు కుర్చీలోనే నిద్రపోయాడు, మైకేల్ పక్కనుంచే వచ్చి కత్తి తీసుకుని వెళ్లిపోతాడు, ఆవిడ తిరిగి చూస్తే కత్తి లేదు, అక్కడ రక్తం చుక్కలు. ఆవిణ్ణి ఏమీ చేయలేదు. ఇంట్లో దీపం వెలుగుతున్న వంటగది, అంతే. ఆ సీను 1978 సినిమాలో పెట్టినా ఎక్కడా తేడా రాదు. ఆ సినిమా మొత్తం అలాగే ఉండుంటే ఈ చర్చే ఉండేది కాదు, నేను కూడా మీ పక్కనే నిలబడేవాణ్ణి.

టేపురికార్డర్:
ఆ వంటింటి సీను ఒప్పుకున్నావు చాలు తమ్ముడూ.

ఇంకో మాట చెప్పడం మర్చిపోయా, రెండింటికీ కెమెరా డీన్ కండీనే. చీకట్లోంచి మాస్క్ మెల్లగా తేలే పద్ధతి రెండిట్లోనూ ఒకటే ఉండటానికి కారణం ఆయనే. సంగీతం మాత్రం మారింది, మొదటి దాంట్లో పియానో, ఇందులో అదే ట్యూన్ సింథసైజర్ మీద చర్చి ఆర్గన్ మోగినట్టు బరువుగా ఉంటది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి.

నైట్‌డ్యూటీ:
పాసడీనా గారు చెప్పిన తలుపు మీద "సిస్టర్" సంగతి నిన్నటి నుంచీ బుర్రలో తిరుగుతోంది. మాకు ఆస్పత్రిలో పేర్లే ఉండవు, పేషెంట్లు, వాళ్ల చుట్టాలు, ఆయాలు అందరూ సిస్టర్ అనే పిలుస్తారు. సిస్టర్, సెలైన్ అయిపోయింది. సిస్టర్, మా నాన్నకి ఆయాసంగా ఉంది. రాత్రంతా అదే పిలుపు. ఆ సినిమాలో వాడు ఒక సిస్టర్ కోసం వచ్చి, దారిలో ఇంతమంది సిస్టర్లని చంపుకుంటూ వెళ్లాడు, జానెట్, కేరెన్, జిల్, మిసెస్ ఆల్వెస్. ఇంగ్లీషువాళ్లకి ఇది తట్టకపోవచ్చు, నాకు మాత్రం ఇంక వేరేగా కనపడటం లేదు. అన్నాచెల్లెళ్ల కథ పెట్టడం తప్పా ఒప్పా నాకు తెలియదు గానీ, ఆ నలుగురి గురించి ఎవరూ ఒక మాట అనకపోవడం మాత్రం నాకు తప్పనిపిస్తుంది. రాత్రి డ్యూటీకి వచ్చారు, అంతే వాళ్లు చేసింది.

నిన్న డ్యూటీ లేదు, మళ్లీ చూశాను. ఈసారి చివరి సీను కోసం. ఆపరేషన్ థియేటర్‌లో లోరీ రెండు కళ్లలోకీ కాలుస్తుంది, మాస్క్ కళ్లలోంచి రక్తం బొట్లుబొట్లుగా కారుతుంటుంది, వాడు ఆగడు, ఏమీ కనపడక చేతిలో చిన్న కత్తి గాల్లో అటూ ఇటూ ఊపుతూ వెతుకుతుంటాడు. లూమిస్, లోరీ ఏం మాట్లాడరు, ఒక్కో గ్యాస్ వాల్వూ తిప్పుతూ పోతారు. ఆ బుస్సుమనే చప్పుడు. మాకు అది ఎంత తెలిసిన చప్పుడో. సిలిండర్ మార్చేటప్పుడు రోజూ వినేది. చప్పుడు ఎటు వస్తే అటు వాడు తల తిప్పుతాడు, కత్తి అటే విసురుతాడు. ఇవాళ రాత్రి నాకు డ్యూటీ, ఐసీయూ.

వీసీడీ_వరంగల్:
అక్కా, పైలం. పొద్దుగాల ఇంటికి పోయినంక ఇక్కడ ఒక మాట రాయి.